షుగరు మాత్రకూ ఒక లెక్కుంది

2018 కార్తీక మాసం, రెండో సోమవారం. మా బరంపురంలో తెలుగు ఇళ్లలో కార్తీక సోమవారం అంటే పగలంతా ఉపవాసం ఉండి, సాయంత్రం చుక్కను చూసి భోజనం చెయ్యడం తాతల నాటి నుంచీ వస్తున్న అలవాటు. నేనూ ఆ రోజు స్నానం, పూజ ముగించుకొని, కాఫీ కూడా తాగకుండా బ్యాంకుకు బయలుదేరాను. రోజూ వేసుకునే షుగరు మాత్రలు మాత్రం మరవకుండా వేసుకున్నాను. మందుకు ఉపవాసం లేదు కదా అన్న తెలివి నాది.

మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో ఓచర్ల మీద సంతకాలు పెడుతున్నాను. పాతికేళ్లుగా అంకెలతోనే బతుకుతున్న నాకు నాలుగు అంకెల కూడిక సాగలేదు. మూడుసార్లు కూడితే మూడు మొత్తాలు వచ్చాయి. చేతులు వణుకుతున్నాయి. పంకా కింద కూర్చున్నా చొక్కా తడిసిపోయింది. ఏదో అడగడానికి వచ్చిన గుమాస్తా మీద కారణం లేకుండా కేకలేశాను. అది చూసి మా క్యాషియరుగారు లేచి వచ్చారు. ఆయన ఒడియా ఆయన, పదేళ్లుగా షుగరు ఉన్న మనిషి. నా మొహం చూడగానే ఆయనకు సంగతి అర్థమైంది. గ్లాసు నీళ్లలో పంచదార కలిపి తెచ్చి నా ముందు పెట్టారు. "నాకు ఉపవాసమండీ" అన్నాను. "ముందు ఇది తాగండి సార్, శివుడితో తరవాత మాట్లాడుకుందాం" అని దగ్గరుండి తాగించారు.

పావుగంట తరవాత పక్కనే ఉన్న మందుల షాపులో చూస్తే 68. అంతకు ముందు ఎంతకు దిగిందో ఆ శివుడికే తెలియాలి.

సాయంత్రం డాక్టరుగారి దగ్గర అసలు నిజం ఒప్పుకున్నాను. ఆయన నాకు రాసింది గ్లిమెపిరైడ్ 1 మిల్లీగ్రాము. దీపావళి మిఠాయిలు తిన్నాక పరగడుపు షుగరు 170 కనిపించింది. భయపడి నా అంతట నేనే రోజూ రెండు మాత్రలు వేసుకోవడం మొదలుపెట్టాను. పండుగ వెళ్లింది, మిఠాయిలు అయిపోయాయి, రెండో మాత్ర మాత్రం ఆగలేదు. దాని మీద ఉపవాసం. "మీ బ్యాంకులో ఎవరైనా అడగకుండా మీ లెడ్జరులో అంకె దిద్దితే ఊరుకుంటారా?" అని ఆయన ఒక్క మాట అడిగారు. జవాబు చెప్పలేకపోయాను.

నేను డాక్టరును కాను, బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. అయినా ఈ వ్యాసం రాయడానికి కారణం ఉంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహం ఉన్నవారున్నారు. మరో 13 కోట్లకు పైగా దాని గుమ్మంలో ఉన్నారు. ఈ పత్రిక వెళ్లే ఇళ్లలో షుగరు మాత్రల డబ్బా లేని ఇల్లు ఎన్ని ఉంటాయో మీరే ఆలోచించండి. మాత్ర మొదలుపెట్టేటప్పుడు, పెంచేటప్పుడు, తగ్గించేటప్పుడు మనం చేసే పొరపాట్లు దాదాపు ఒకే రకంగా ఉంటాయి. నావి చెబితే మీకు పనికొస్తాయని ఆశ.

మొదలుపెట్టడానికి భయం

నాకు షుగరు బయటపడింది 2014లో, బ్యాంకు వారు చేయించిన ఆరోగ్య పరీక్షలో. పరగడుపున 138, భోజనమైన రెండు గంటలకు 214. పరగడుపున 126, గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్షలో 6.5 శాతం. ఇవీ గీతలు. వీటిని దాటితే మధుమేహం అంటారు. నా సగటు 7.4. డాక్టరుగారు నడక, తిండిలో మార్పు, వాటితో పాటు మెట్‌ఫార్మిన్ మాత్ర రాశారు.

మాత్రలు కొన్నాను. తెచ్చి అలమారాలో పెట్టాను. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వదలదని అందరూ చెప్పే మాట నా చెవిలోనూ పడింది మరి. కాకరకాయ రసం తాగాను, మెంతులు నానబెట్టి తిన్నాను, నేరేడు గింజల పొడి తెప్పించాను. వాటిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మందు మానడానికి వాటిని సాకు చేసుకోవడం నా తప్పు. ఏడాదిన్నర గడిచాక మళ్లీ పరీక్ష చేయిస్తే సగటు 9.1కి చేరింది.

అప్పుడు డాక్టరుగారు చెప్పిన విషయం నన్ను కదిలించింది. ఇంగ్లండులో 1977లో మొదలుపెట్టి కొత్తగా షుగరు వచ్చిన 5,102 మందిని ఏళ్ల తరబడి గమనించారు. ఆ ఫలితాలు 1998లో వచ్చాయి. జబ్బు బయటపడే నాటికే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల శక్తి సుమారు సగం పోయి ఉంటుందని అందులో తేలింది. మొదటి ఏళ్లలోనే షుగరును గట్టిగా అదుపు చేసినవారికి కళ్లు, మూత్రపిండాల బాధలు తగ్గాయి. ఆ మేలు పదేళ్ల తరవాత కూడా నిలిచిందని 2008లో మళ్లీ లెక్క తీశారు. తొలినాళ్లలో వేసిన డిపాజిట్టుకు చివరిదాకా వడ్డీ వచ్చినట్టన్నమాట. నేను పోగొట్టుకున్న ఏడాదిన్నర అలాంటిది.

"జీవితాంతం" అన్న భయం కూడా పూర్తిగా నిజం కాదు. 2017లో బ్రిటన్‌లో వెలువడిన మరో పరిశోధన ఉంది. జబ్బు వచ్చి ఆరేళ్లు దాటని, బరువెక్కువ ఉన్నవారిని వైద్యుల పర్యవేక్షణలో బాగా బరువు తగ్గించారు. ఏడాది తిరిగేసరికి వారిలో 46 శాతం మందికి మాత్రలు లేకుండానే షుగరు అదుపులో ఉంది. మాత్ర మొదలుపెట్టడం అంటే సంకెళ్లు వేసుకోవడం కాదు. అవసరమైతే పెరుగుతుంది, అవకాశముంటే తగ్గుతుంది. రెండూ జరగాల్సింది డాక్టరు చేతి మీదుగా, అంతే.

మొదటి మాత్ర

మూత్రపిండాలు బాగున్నవారికి సాధారణంగా మొదట రాసేది మెట్‌ఫార్మిన్. దీని మూలం ఒక మొక్క. యూరప్‌లో గలేగా అనే ఊదా పూల మొక్కను పూర్వం నుంచీ నాటు వైద్యంలో వాడేవారు. అందులో ఉన్న పదార్థాన్ని అనుసరించి తయారుచేసిన ఈ మందును 1957లో స్టెర్న్ అనే ఫ్రెంచి డాక్టరు మధుమేహానికి వాడి ఫలితాలు ప్రకటించారు.

రాత్రి మనం నిద్రపోతున్నా కాలేయం తన దగ్గరున్న గ్లూకోజును రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. షుగరు ఉన్నవారిలో ఇది మితిమీరుతుంది. రాత్రి ఏమీ తినకపోయినా పొద్దున్నే 160 ఎందుకొచ్చిందని మనం ఆశ్చర్యపోయేది ఇందుకే. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా ఈ వరదను తగ్గిస్తుంది. ఇది ఒక్కటే వాడుతున్నవారికి షుగరు మరీ పడిపోవడం అరుదు.

దీనితో వచ్చే చిక్కల్లా కడుపుతోనే. వికారం, కడుపుబ్బరం, విరేచనాలు. నాకూ వచ్చాయి. నాలుగు రోజులకే మానేసి, ఈ మందు నాకు పడదని తీర్మానించేశాను. డాక్టరుగారు నవ్వి రెండు మార్పులు చేశారు. ఖాళీ కడుపున కాకుండా భోజనంతో వేసుకోమన్నారు. మామూలు మాత్ర బదులు నెమ్మదిగా కరిగే రకం రాశారు. ఈ మందును 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారానికో రెండు వారాలకో కొంచెం పెంచుకుంటూ పోవడం పద్ధతి. పది రోజుల్లో నా కడుపు సర్దుకుంది. మూడు నెలలకు సగటు 7.6కి దిగింది.

రెండు జాగ్రత్తలు కూడా చెప్పారు. ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గవచ్చు. కాళ్లలో తిమ్మిర్లు వస్తే షుగరు వల్లే అనుకోకుండా దాన్నీ పరీక్ష చేయించాలి. మూత్రపిండాల పనితీరు ఏడాదికి ఒకసారైనా చూపించుకోవాలి. అది బాగా తగ్గితే ఈ మందు మోతాదు తగ్గించాలి, మరీ తగ్గితే ఆపాలి. స్కానింగుకు ముందు రంగు మందు ఎక్కిస్తామంటే, మెట్‌ఫార్మిన్ వాడుతున్న సంగతి వారికి తప్పక చెప్పాలి.

ఒక రోజు నిల్వ, మూడు నెలల సగటు

మా బ్యాంకులో ఒక ఖాతా తీరు తెలియాలంటే ఒక రోజు నిల్వ చూసి చెప్పలేం, సగటు నిల్వ చూడాలి. షుగరూ అంతే. వేలికి పొడిచి చూసేది ఆ క్షణపు నిల్వ. హెచ్‌బిఎ1సి సుమారు మూడు నెలల సగటు. అది 7 శాతం ఉంటే రక్తంలో సగటు గ్లూకోజు 154 దగ్గర ఉన్నట్టు, 8 ఉంటే 183 దగ్గర ఉన్నట్టు లెక్క. చాలామందికి 7 లోపు లక్ష్యం. వయసు మళ్లినవారికి, గుండె జబ్బు ఉన్నవారికి, షుగరు పడిపోయే ప్రమాదం ఉన్నవారికి 7.5, 8 దాకా ఉన్నా ఫరవాలేదని డాక్టర్లే అంటారు. రక్తహీనత ఉంటే మాత్రం ఈ పరీక్ష తప్పుదారి పట్టించవచ్చు.

మందు మొదలుపెట్టినా మార్చినా దాని ఫలితం తేల్చడానికి మూడు నెలలు ఆగి ఈ పరీక్ష చేయించడం అందుకే. పండుగ మర్నాటి ఒక్క అంకె చూసి మాత్ర పెంచుకోవడం, నాలుగు రోజులు 110 వచ్చిందని మానేయడం, రెండూ తప్పే. పరీక్షకు రెండు రోజుల ముందు నోరు కట్టుకొని పరగడుపు అంకె బాగా వచ్చేట్టు చూసుకునేవారున్నారు. ఇన్‌స్పెక్షన్ వస్తోందని తెలిసి పుస్తకాలు సర్దే పని అది. మూడు నెలల సగటు ముందు అది సాగదు.

రెండో మాత్ర ఏది?

మొదటి మాత్ర చాలకపోతే అది మన ఓటమి అనుకోనక్కరలేదు. ఆ ఇంగ్లండు లెక్కలోనే, మూడేళ్లు గడిచేసరికి సగం మందికి ఒక్క మందుతో సరిపోలేదు. తొమ్మిదేళ్లకు నలుగురిలో ముగ్గురికి చాలలేదు. జబ్బు స్వభావమే అది. 2018లో నా సగటు 8.2 అయినప్పుడు గ్లిమెపిరైడ్ చేర్చారు.

ఈ తెగకు చెందిన మందుల పుట్టుక చిత్రమైనది. 1942లో ఫ్రాన్సులోని మోంపెలియేలో టైఫాయిడు రోగులకు ఒక సల్ఫా మందు ఇస్తుంటే కొందరికి షుగరు ప్రమాదకరంగా పడిపోయింది. ఆ దుష్ఫలితాన్నే పట్టుకొని షుగరుకు మందు చేశారు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్, గ్లిమెపిరైడ్ ఆ కోవలోవే. క్లోమాన్ని తట్టి లేపి ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. చవక, బాగా పనిచేస్తాయి. అయితే మనం తిన్నామా లేదా అని అవి చూడవు. తినకపోయినా ఇన్సులిన్ వస్తూనే ఉంటుంది. నా కార్తీక సోమవారం కథ అదే.

భోజనం చేసినప్పుడు మాత్రమే ఇన్సులిన్‌కు ఊతమిచ్చేవి సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ వంటివి. వీటితో షుగరు పడిపోవడం తక్కువ. ఎక్కువైన చక్కెరను మూత్రంలో పంపేసేవి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్. గుండె నీరసించినవారికి, మూత్రపిండాలు దెబ్బతింటున్నవారికి వీటివల్ల అదనపు మేలు ఉందని గత పదేళ్లలో రుజువైంది. మూత్రంలో చక్కెర పోతుంది కనుక ఆ చోట దురద, బూజు రావచ్చు. శుభ్రత, తగినన్ని నీళ్లు అవసరం. పయోగ్లిటజోన్ వల్ల ఒంట్లో నీరు చేరవచ్చు. గుండె బలహీనంగా ఉన్నవారికి అది పనికిరాదు. వోగ్లిబోస్, అకార్బోస్ మొదటి ముద్దతో వేసుకోవాలి. అవి వాడేవారికి షుగరు పడిపోతే పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజు పొడే ఇవ్వాలి. ఈ చిన్న సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

ఖర్చు మాటా చెప్పాలి. పేటెంటు గడువు ముగిసినకొద్దీ ఒక్కో మందు ధర దిగింది. విల్డాగ్లిప్టిన్‌కు 2019 చివర, డాపాగ్లిఫ్లోజిన్‌కు 2020లో, సిటాగ్లిప్టిన్‌కు 2022లో, ఎంపాగ్లిఫ్లోజిన్‌కు 2025 మార్చిలో గడువు తీరింది. ఒకప్పుడు భరించలేమని వదిలేసిన మందు ఇప్పుడు అందుబాటులో ఉండవచ్చు. డాక్టరును అడగడానికి మొహమాటపడకండి. జన ఔషధి కేంద్రంలోనూ విచారించండి.

ఒకే మందు, రెండు పేర్లు

మా అక్కయ్య చెన్నైలో ఉంటుంది. అరవై ఎనిమిదేళ్లు. ఒక ఏడాది వేసవిలో కూతురి దగ్గరకు బెంగుళూరు వెళ్లింది. అక్కడ జ్వరం వస్తే వేరే డాక్టరుకు చూపించారు. చెన్నై మాత్రల సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన షుగరు చూసి కొత్త మాత్ర రాశారు. అక్కయ్య పాతదీ కొత్తదీ రెండూ వేసుకుంది. మూడో రోజు రాత్రి మనవడిని గుర్తుపట్టలేదు. పెద్దతనం అనుకొని పడుకోబెట్టబోతుంటే, మా మేనకోడలికి ఎందుకో అనుమానం వచ్చి మిషనుతో చూసింది. 47.

గ్లూకోజు పట్టించి, ఆస్పత్రికి తీసుకువెళ్లాక నాకు ఫోను చేసింది. "మామయ్యా, ఈ రెండు మాత్రలూ వేరువేరే కదా?" అంది. అట్ట వెనక చిన్న అక్షరాలు చదవమన్నాను. రెండింటిలోనూ గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మినే. పెట్టిన పేర్లు మాత్రం వేరు. ఒకే ఖాతాదారుడు రెండు పేర్లతో రెండు ఖాతాలు తెరిచినట్టు!

మనలాంటి కుటుంబాలకు ఈ ప్రమాదం ఎక్కువ. పిల్లలు తలా ఒక రాష్ట్రంలో, పెద్దవారు ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ. ఊరు మారితే డాక్టరు మారతాడు, భాష మారుతుంది, మందు మీద పేరు మారుతుంది. అసలు మందు పేరు మారదు. అది చదవడం నేర్చుకోండి. మన షుగరు మాత్రల్లో చాలావాటిలో రెండు మూడు మందులు కలిపి ఉంటాయి. అలాంటి మాత్ర ఒకటి అదనంగా వేసుకుంటే ఒక మందు కాదు, అన్నీ పెరుగుతాయి. అక్కయ్యకు ఆ తరవాత చెన్నైలో గ్లిమెపిరైడ్ పూర్తిగా ఆపేశారు. ఆ వయసులో కాస్త ఎక్కువ షుగరు కంటే పడిపోయే షుగరే ప్రమాదమన్నారు.

జ్వరం, ఉపవాసం, ప్రయాణం

షుగరు పడిపోతున్న గుర్తులు చెమట, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, కోపం, తికమక. 70 కంటే తక్కువైతే మూడు చెంచాల పంచదార లేదా గ్లూకోజు నీళ్లలో కలిపి తాగాలి. పావుగంట తరవాత మళ్లీ చూసుకోవాలి. పెరగకపోతే మళ్లీ అంతే తాగాలి, పెరిగాక ఏదైనా తినాలి. మిషను దగ్గర లేకపోతే వెతుక్కోవద్దు. ముందు పంచదార, లెక్క తరవాత. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పొయ్యకూడదు, ఆస్పత్రికి తీసుకుపోవాలి. గ్లిమెపిరైడ్ వంటి మాత్రల వల్ల పడిపోయిన షుగరు కొన్ని గంటల తరవాత మళ్లీ పడిపోవచ్చు. కాబట్టి లేచి కూర్చున్నారు కదా అని వదిలేయకుండా డాక్టరుకు చూపించాలి.

వాంతులు, విరేచనాలతో తిండీ నీళ్లూ నిలవనప్పుడు మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ తెగ మందులు తాత్కాలికంగా ఆపవలసి రావచ్చు. ఆ రెండో తెగ మందులను ఆపరేషనుకు మూడు నాలుగు రోజుల ముందే ఆపిస్తారు. షుగరు అంకె మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం వాటితో ఉంది. ఏది ఆపాలి, ఏది కొనసాగించాలి అన్నది జబ్బు పడ్డాక కాదు, బాగున్నప్పుడే అడిగి రాయించుకోవాలి. ఇన్సులిన్ తీసుకునేవారు మాత్రం తమంతట తాము దాన్ని మానకూడదు.

నా పుస్తకం

ఆ సోమవారం మర్నాడు ఒక చిన్న నోటు పుస్తకం కొన్నాను. ఎడమ వైపు తేదీ, అంకె, ఆ రోజు విశేషం: పెళ్లి భోజనం, జ్వరం, ప్రయాణం. కుడి వైపు మందు అసలు పేరు, మోతాదు, ఎవరు ఎప్పుడు మార్చారు, ఎందుకు. డాక్టరుగారి దగ్గరకు వెళ్లినప్పుడు ముందు ఆ పుస్తకం ఇస్తాను. మా ఇంటావిడ దగ్గర దాని నకలు ఉంటుంది. ఊరెళ్తే అదీ పెట్టెలోకి వెళ్తుంది. నా చేత్తో మోతాదు దిద్దిన గీత ఇన్నేళ్లలో ఒక్కటీ లేదు.

2021లో నాకు గ్లిమెపిరైడ్ తీసేసి డాపాగ్లిఫ్లోజిన్ రాశారు. ఆరు కిలోలు తగ్గాను. చివరిసారి సగటు 6.9.

కార్తీక సోమవారాలు మానలేదు. మాసం మొదలవడానికి పది రోజుల ముందు పుస్తకం పట్టుకొని డాక్టరుగారి దగ్గరకు వెళ్తాను. ఆ రోజున ఏ మాత్ర ఆపాలో, ఏది రాత్రి భోజనానికి మార్చాలో ఆయనే అందులో రాస్తారు. మధ్యాహ్నం పాలూ పండూ తీసుకోవాలన్నది ఆయన షరతు. మొదటి ఏడాది మా ఇంటావిడకు అది నచ్చలేదు. "పండు తింటే ఉపవాసం ఎలా అవుతుందండీ?" అంది. ఇప్పుడు బ్యాంకుకు వెళ్లేటప్పుడు ఆ అరటిపండు సంచిలో పెట్టేది ఆవిడే.